పాత ఫెర్గూసన్ ట్రాక్టర్‌కి థర్మోస్టాట్ తీసేస్తే హీట్ తగ్గుద్దా పెరుగుద్దా?

దుక్కిబండి: నా దగ్గర ఫెర్గూసన్ టీఈ20 ఉంది, పెట్రోల్ ఇంజన్. ఖాళీగా తిరిగితే గేజ్ ముల్లు మధ్యలోనే ఉంటది, నాగలి దించి కాసేపు లాగితే ఎరుపులోకి పోతది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకేసి "పాత బండికి ఇది దండగ" అన్నాడు. తీసినా అంతే ఉంది. మళ్ళీ పెట్టాలా వద్దా?

స్పానర్ సుబ్బు: వద్దు. మీ మెకానిక్ కరెక్టే చెప్పాడు. 1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ మోడల్ ఎఫ్‌కి థర్మోస్టాట్ సంగతి దేవుడెరుగు, వాటర్ పంపే లేదు. నీళ్ళు వేడెక్కి వాటంతట అవే పైకెళ్ళి, రేడియేటర్‌లో చల్లారి కిందకి దిగేవి, దాంతోనే పొలాలు దున్నారు.

గేర్ నాగు: థర్మోస్టాట్ లేకపోతే నీళ్ళు స్పీడుగా పరిగెత్తి రేడియేటర్‌లో చల్లారే టైమ్ దొరకదు, అందుకే హీట్.

లైనర్: నాగు గారూ, అది అందరూ చెప్పే మాటే కానీ తప్పు. నీళ్ళు ఒక్కసారి పోయి ఊరుకోవు కదా, తిరుగుతూనే ఉంటాయి. స్పీడు రెట్టింపైతే రేడియేటర్‌లో ఉండే టైమ్ సగమవుద్ది, కానీ తిరిగే సార్లు రెట్టింపవుతాయి. పైగా రేడియేటర్ పైనుంచి కింద దాకా వేడిగా ఉంటే గాలికి పోయే వేడి ఎక్కువే గానీ తక్కువ కాదు.
సుబ్బు గారూ, ఫోర్డ్‌సన్‌ని పంపు లేకుండా నడిచేలాగే డిజైన్ చేశారు, 1946లో వచ్చిన టీఈ20కి పంపూ థర్మోస్టాట్ రెండూ పెట్టి చేశారు. ఇందులోంచి ఒకటి పీకేసి దాన్ని చూపిస్తే ఎలా? థర్మోస్టాట్ ఉన్నది ఇంజన్‌ని త్వరగా వేడెక్కించి ఆ వేడి మీద నిలబెట్టడానికి. చల్లగా నడిచే ఇంజన్‌లో ఆయిల్‌లో చేరిన తడి ఆవిరవదు, మడ్డి కడుతుంది, లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) అరుగుతాయి. కిరోసిన్ లాంటి ఆయిల్‌తో నడిచే మోడళ్ళలో ఇంకా ఘోరం, మండని ఆయిల్ కింద ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టిలోకి, అంటే సంప్‌లోకి దిగి ఇంజన్ ఆయిల్‌ని పల్చన చేస్తది.

గేర్ నాగు: మరి నేను తీసినప్పుడు హీట్ ఎందుకు పెరిగింది?

లైనర్: కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారి మూస్తుంది. పీకేస్తే ఆ దారి తెరిచే ఉండిపోయి, వేడి నీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే పంపుకి తిరిగొస్తాయి. మీది ఆ రకమేమో.

గేర్ నాగు: అంటే స్పీడు వల్లే కదా. నేను చెప్పిందీ అదే.

లైనర్: కాదండీ.

పొట్టుగాలి: ఫ్యాన్ బెల్ట్ చూశారా ముందు? రేడియేటర్ ఫిన్స్‌లో పొట్టు ఇరుక్కుంటే ఇంజన్ వైపు నుంచి ముందుకి గాలి కొట్టండి.

రెడ్ క్యాప్: 15 పీఎస్ఐ ప్రెషర్ పట్టే రేడియేటర్ క్యాప్ పెట్టెయ్ అన్నా, మరగనే మరగదు.

పొట్టుగాలి: పీఎస్ఐకి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు మరిగే వేడి పెరిగే మాట నిజమే, కానీ ఆ ప్రెషర్‌కి పాత రేడియేటర్ టంకం అతుకులు విడిపోతే? బండితో ఏది వచ్చిందో అదే పెట్టాలి.

స్పానర్ సుబ్బు: లైనర్ గారు పుస్తకం బాగా చదివారు. నా సంగతి వినండి, కొత్త థర్మోస్టాట్ వేయించాను, సీజన్ మధ్యలో అది మూసుకుపోయింది, గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది, పొలం అలాగే ఉండిపోయింది. మీలాంటోళ్ళు బండికి పాలిష్ కొట్టి షెడ్డులో పెట్టుకుంటారు. మాకు పని జరగాలి.

లైనర్: షెడ్డా? నేను కొన్న బండి ముందు ఓనరు మీలాగే థర్మోస్టాట్ లేకుండా ఏళ్ళ తరబడి తోలాడు. సంప్ విప్పితే నల్లటి ముద్ద, లైనర్లలో గట్లు. "ఎప్పుడూ హీటెక్కలేదండీ" అని ప్రమాణం చేసి మరీ అమ్మాడు, నిజమే, అసలు వేడెక్కితే కదా! మీకు ఈ సీజన్ గడిస్తే చాలు, ఆ తర్వాత అరుగుదల బిల్లు కట్టేది కొనుక్కున్నోడు.

స్పానర్ సుబ్బు: నా బండి నేనెవరికీ అమ్మను. నాతోనే అరగనీ, అందుకే కదా కొన్నది.

లైనర్: అలా చెప్పండి. మరి అదేదో అందరికీ సలహాలాగా ఇవ్వకండి.

పొట్టుగాలి: ఇద్దరూ కొట్టుకోండి గానీ, అడిగినాయన బండి లోడ్ మీదే హీటెక్కుతోంది. ఫ్యాన్ అసలు తిరగకపోతే నిలబెట్టినా ఎక్కాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ స్పార్క్ కొట్టే టైమ్) లేటుగా ఉందేమో, ఇంజన్ బ్లాక్‌లో నీళ్ళు తిరిగే దారుల్లో తుప్పు కూరుకుందేమో చూడండి. రేడియేటర్ కింద పైపు పంపు పీల్పుకి నొక్కుకుపోతోందా అన్నది కూడా.

దుక్కిబండి: బ్లాక్ పక్కన డ్రెయిన్ ట్యాప్ విప్పితే చుక్క రాలేదు. వైరు పెట్టి పొడిస్తే ఎర్ర బురద. ఇన్నాళ్ళూ నీళ్ళు మార్చానంటే రేడియేటర్‌లోవే మారాయన్నమాట. ఇప్పుడు పైపులు విప్పి రివర్స్‌లో కడుగుతున్నా.

స్పానర్ సుబ్బు: చూశారా, థర్మోస్టాట్‌తో సంబంధమే లేదు.

లైనర్: లేదనే కదా, పీకినా తగ్గనిది! కడిగాక పెట్టండి దుక్కిబండి గారూ. ముందు గిన్నెలో థర్మామీటర్‌తో పాటు వేసి నీళ్ళు కాయండి, దాని మీద రాసిన డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి. గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటే అది పైకి ఉండేట్టు బిగించండి.

స్పానర్ సుబ్బు: గిన్నెలో నాది కూడా తెరుచుకుంది.