చవితి పందిరిలో, అపార్ట్‌మెంట్ సంఘంలో దివ్యాంగులకు చోటు: విశాఖవాసుల అనుభవాలు చెప్పండి

ఎంవీపీ_కార్యదర్శి:
అందరికీ నమస్కారం. ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఈ ఏడాది నన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మా భవనంలో వీల్‌చైర్ వాడే ఒక యువకుడు, ఆటిజం ఉన్న ఒక బాబు, వినికిడి లేని దంపతులు ఉన్నారు. వినాయక చవితికి వీరందరి దగ్గరా చందా తీసుకుంటాము, ప్రసాదం ఇంటికి పంపిస్తాము, అంతటితో సరి. పందిరి దగ్గర గాని, సర్వసభ్య సమావేశంలో గాని వీరెవరూ కనబడరు, రాకపోవడం వారి ఇష్టమేనని మావాళ్లు తేల్చేశారు. నాకు మాత్రం ఆ మాట మీద నమ్మకం లేదు. మీ మీ చోట్ల ఏమి చేశారో, ఏది పనికివచ్చిందో, ఏది డబ్బు దండగ అయిందో తెలియజేయగలరు.

గాజువాక_వీల్‌చైర్:
కార్యదర్శి గారూ, ముందు ఆ యువకుడినే వెంటబెట్టుకొని అతని గుమ్మం నుంచి పందిరి వేసే చోటు దాకా వెళ్లి చూడండి. మీకు కనబడని అడ్డంకులు అతనికి కనబడతాయి. మా భవనంలో నన్ను అడగకుండానే ఎంతో అభిమానంతో ర్యాంపు కట్టించారు. రెండు మెట్లు కలిపి అడుగు ఎత్తు ఉంటే, ర్యాంపు మూడడుగులు పోశారు, పైన నున్నటి గ్రానైట్ పరిచారు. కేంద్రప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండడుగుల పొడవు కావాలి. మావాళ్లు కట్టినదాని మీద ఎక్కడానికి ఇద్దరు తోయవలసి వచ్చేది, వాన పడితే ఆ ఇద్దరూ జారేవారు. పైగా ర్యాంపు ముగిసేచోట రెండంగుళాల గడప అలాగే ఉంచారు. తర్వాత అంతా పగలగొట్టి, గరుకు టైల్స్ వేసి, మధ్యలో మలుపు తిప్పి మళ్లీ కట్టారు. చేతిపట్టీకి మామూలు ఇనుప గొట్టం వేయకండి, మన సముద్రపు గాలికి తుప్పు పట్టి అరచేతులు గీసుకుంటాయి, స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. ర్యాంపు ముందు స్కూటర్లు పెట్టకుండా చూసే బాధ్యత వాచ్‌మన్‌కు స్పష్టంగా అప్పగించకపోతే మాత్రం ఇవేవీ ఉపయోగపడవు.

ఉక్కునగరం_విశ్రాంత:
సదుద్దేశాన్ని కాదనను గాని, ఒక్క కుటుంబం కోసం నలభై కుటుంబాల నిర్వహణ నిధి నుంచి లక్ష రూపాయలు తీస్తామంటే సమావేశంలో గొడవ కాకుండా ఉంటుందా? నలుగురు కుర్రాళ్లు ఆ అబ్బాయిని కుర్చీతో సహా ఎత్తి పందిరిలో కూర్చోబెడితే సరిపోదా?

గాజువాక_వీల్‌చైర్:
అయ్యా, పెద్దవారు, అడిగారు కాబట్టి చెబుతున్నాను. నన్ను అలా ఎత్తిన ప్రతిసారీ, దించేవారు దొరికేవరకు నేను అక్కడే ఉండిపోవాలి. కాలకృత్యాలకు వెళ్లాలన్నా నలుగురిని పిలవాలి. అందుకే చాలామందిమి ముందే రామని చెప్పేస్తాము, చూసేవారికి అది మా ఇష్టంలా కనబడుతుంది. మా ర్యాంపును ఇప్పుడు నాకంటే ఎక్కువగా మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, గ్యాస్ సిలిండర్లు తెచ్చే కుర్రాళ్లు వాడుతున్నారు. చట్టం సంగతికి వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం నిర్ణీత ప్రమాణాలు పాటించని భవన నమూనాకు అనుమతే ఇవ్వకూడదు. ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకుండా, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది. ప్రజలు వాడే ప్రైవేటు భవనాలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. భోజనాల హాలు పై అంతస్తులో పెట్టి, లిఫ్టు వంటవాళ్లకు వదిలేసే కల్యాణ మండపాలవారు ఈ సంగతి గమనించాలి.

సీతమ్మధార_అమ్మ:
ఆటిజం ఉన్న బాబు గురించి చెబుతాను, మా అబ్బాయిదీ అదే పరిస్థితి. పండగంటే వాడికి ఎంతో ఇష్టం, మైకుసెట్టు అంటే భరించలేని బాధ. మనకు హుషారుగా వినిపించే డప్పు వాడికి చెవిలో సూది గుచ్చినట్లు ఉంటుంది. వాడు చెవులు మూసుకొని కింద పడి దొర్లితే, పెంపకం సరిగా లేదని పక్కవారు గుసగుసలాడుకుంటారు. మా వీధి పందిరి కమిటీలోని యువకులు రెండేళ్ల క్రితం ఒక చిన్న ఏర్పాటు చేశారు. సాయంత్రం పూజకు ముందు కొంతసేపు మైకు ఆపి, మెరిసే లైట్లు తీసేసి, ఆ వేళను మాకు ముందే తెలియజేస్తారు. మావాడు ఆ సమయంలో వెళ్లి, విగ్రహం ముందు పత్రిని ఒక వరుసలో పేర్చి వస్తాడు, పంతులు గారు వాడు పేర్చినదాన్ని కదపకుండా దాని మీదే పూజ కొనసాగిస్తారు. ఆ వేళకు ఇప్పుడు పసిపిల్లల తల్లులు, బీపీ ఉన్న పెద్దవారు కూడా వస్తున్నారు. కమిటీకి దీనివల్ల ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఆ బాబు తల్లిదండ్రులకు ఒక విషయం చేరవేయండి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక, మేధోపరమైన వైకల్యం ఉన్నా సరే, కన్నవారు చట్టరీత్యా సంరక్షకులుగా తమంతట తామే కొనసాగరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. బ్యాంకు పని పడేదాకా ఈ సంగతి చాలామందికి తెలియదు. అదే ట్రస్టు నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఇస్తుంది, అందులో థెరపీ ఖర్చులకు కూడా వీలుంది.

రాసి_చెప్పండి:
నాకు పుట్టుక నుంచి వినికిడి లేదు. కార్యదర్శి గారూ, ఆ దంపతులు సమావేశానికి రాకపోవడానికి కారణం ఊహించగలను. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఏమిటని అడిగితే పక్కవారు "ఏమీ లేదు, తర్వాత చెబుతాను" అంటారు, ఆ తర్వాత ఎవరూ చెప్పరు. చర్చించే అంశాలను ముందురోజే వాట్సాప్‌లో పెట్టండి, వాయిస్ మెసేజీలు కాకుండా అక్షరాలలో పెట్టండి. సమావేశంలో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడేలా చూడండి. ఫోనులో మాటను తెలుగు అక్షరాలుగా మార్చే సదుపాయం ఉంది, తప్పులు వస్తాయి గాని విషయం అర్థమవుతుంది. వారు సైగల భాష వాడితే, ముఖ్యమైన సమావేశాలకు అనువాదకులను పిలవగలరేమో వారినే అడగండి.

పండగల కంటే ముందు ఆలోచించవలసినది తుపాను సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, మైకులో చెప్పిన హెచ్చరికలు మాబోటివారికి చేరలేదు. లిఫ్టులు ఆగిన భవనాల్లో వీల్‌చైర్ వాడేవారు పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు, నీటి బిందెలు ఎవరో మోసుకొచ్చి ఇస్తేనే వారికి నీళ్లు. విపత్తుల్లో దివ్యాంగులకు సమాన రక్షణ కల్పించాలని 2016 చట్టం 8వ సెక్షన్ చెబుతున్నది గాని, మొదటి గంటలో మన తలుపు తట్టేది పక్కింటివారే. ఏ ఫ్లాటులో ఎవరికి ఏ సాయం కావాలో, ఎవరు వెళ్లాలో, వారి అనుమతితో ఒక కాగితం మీద రాసి వాచ్‌మన్ గదిలో ఉంచండి. మా తలుపు కొట్టినా మాకు వినబడదు, అందుకే మేము గంటతోపాటు వెలిగే దీపం పెట్టించుకున్నాము.

తెల్లకర్ర_మద్దిలపాలెం:
మీ భవనంలో అంధులు లేరు, అయినా అతిథులు రావచ్చు కనుక రాస్తున్నాను. నన్ను చూడగానే చాలామంది చెయ్యి పట్టుకొని లాగుతారు, కర్ర పట్టుకొని లాగినవారు కూడా ఉన్నారు. మీ మోచేయి నాకు అందించండి చాలు, నేను పట్టుకొని అర అడుగు వెనుక నడుస్తాను. మెట్లు వస్తే ఎక్కేవో దిగేవో చెప్పండి, నా దగ్గర నుంచి వెళ్లిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. లేకపోతే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతాను. కాలిబాట మీద పసుపు పలకలు అలంకారం అనుకొని వాటి మీద బైకులు ఆపుతున్నారు, నిలువు గీతలున్నవి ఇటు నడవమని, బుడిపెలున్నవి ఆగమని మాకు చెబుతాయి. పందిరి గుంజలు వాటి మీద పాతకుండా చూడగలరు.

పెందుర్తి_అక్క:
మా తమ్ముడికి ఇప్పటివరకు సదరం ధ్రువపత్రం లేదు. అది లేకుండా ఏదైనా వస్తుందా?

సీతమ్మధార_అమ్మ:
అమ్మా, ప్రభుత్వ పథకాల్లో చాలావాటికి 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్లు పత్రం కావాలి. వార్డు సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకొని, వారు చెప్పిన తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలోని శిబిరానికి పాత వైద్య పత్రాలన్నీ తీసుకొని వెళ్లండి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. స్లాట్ దొరకక తిప్పుతూ ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి, రసీదు తప్పక తీసుకోండి.

ఎంవీపీ_కార్యదర్శి:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆ యువకుడిని కలిశాను. పందిరిలో కూర్చోవడం కాదు, చందాల లెక్కలు చూస్తానని తనే అన్నాడు, కోశాధికారిగా అతని పేరు ప్రతిపాదిస్తున్నాము. నిమజ్జనానికి సముద్రం దాకా రావాలని కూడా ఉందట. ఇసుకలో వీల్‌చైర్ నడుస్తుందా?

గాజువాక_వీల్‌చైర్:
ముందు చిన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి కాబట్టి ముందుకు తోయకూడదు. కుర్చీని కొద్దిగా వెనక్కి వంచి, పెద్ద చక్రాల మీదనే వెనక్కి లాగుతూ తీసుకువెళ్లాలి, బెల్టు తప్పనిసరి. పొడి ఇసుక ఉన్నంతమేర రెండు ప్లైవుడ్ పలకలు ఒకదాని తర్వాత ఒకటి పరుస్తూ పోతే ఇద్దరు మనుషులు చాలు, తడి ఇసుక వచ్చాక గట్టిగా ఉంటుంది, కుర్చీ తేలికగానే కదులుతుంది. అలలు చక్రాలను తాకే చోటుకు ముందే ఆగండి, కాళ్ల కింద ఇసుక లాగేస్తే కుర్చీ పక్కకు ఒరుగుతుంది. జనం తోపులాట మొదలుకాక ముందే, వీలైతే మధ్యాహ్నం, వెళ్లిరండి. ఇంటికి రాగానే చక్రాలను మంచినీళ్లతో కడిగి, తుడిచి, బేరింగులకు నూనె వేయమనండి, ఉప్పునీరు ఒక్క రాత్రి ఉన్నా అవి పట్టేస్తాయి.