అప్‌డేట్: కరెంటు వచ్చాక రీఫ్ ట్యాంకు (పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పంపు తిరగలేదని అడిగాను కదా, సమస్య తీరింది

వైజాగ్‌లో గాలివానకి 14 గంటలు కరెంటు పోయి, వచ్చాక నా 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు రిటర్న్ పంపు (నీళ్లని తిరిగి ట్యాంకులోకి తోసేది) మూలుగుతోందే తప్ప తిరగట్లేదని పోయిన వారం అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్, వెనిగర్ మాట చెప్పినాయనకి ఇంకోసారి. పంపు విప్పితే ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) షాఫ్ట్ చుట్టూ తెల్లగా సున్నం గట్టిపడి ఉంది, నడిచినంతకాలం నడిచి, ఆగేసరికి పట్టేసిందన్నమాట. సగం నీళ్లు, సగం వైట్ వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి (అప్పటిదాకా ట్యాంకులో నీళ్లని కదిలించే వేవ్‌మేకర్ ఒక్కటే నడిపాను) పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బాగా కడిగితే దెబ్బకి తిరిగింది. వోల్టేజీ, స్టెబిలైజర్ అనుమానాలు వట్టివే. కొత్త పంపు ఆర్డర్ క్యాన్సిల్ చేశాను.

అసలు టెన్షన్ పెట్టింది పక్కనున్న క్యానిస్టర్ ఫిల్టర్ (నీళ్లు వడకట్టే మూతున్న డబ్బా). మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు, నీళ్లు కదలక లోపల విషవాయువు పుట్టిందన్నమాట! అలాగే ఆన్ చేసుంటే ఆ విషమంతా ట్యాంకులోకే పోయేది. ఆ నీళ్లు పారబోసి, మీడియాని (ఫిల్టర్ లోపలి వడపోత సామాను) ట్యాంకు నీళ్లతోనే కడిగి పెట్టాను. టెస్ట్‌లో చేపలకి విషమైన అమ్మోనియా 0.5 పీపీఎం (పది లక్షల్లో అర వంతు) చూపిస్తే 20 శాతం నీళ్లు మార్చాను, నాలుగో రోజుకి సున్నా. స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మలినాలు తీసేది) రెండ్రోజులు నురగ పొంగించి తనే సర్దుకుంది. క్లౌన్ చేపలు రెండూ క్షేమం, పగడాలు విచ్చుకున్నాయి, ఒక నత్త మాత్రం పోయింది.