పిట్ట అంటే చిన్న పక్షేనా?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఒక మాట మీద మా ఇంట్లో వారం రోజులుగా తగువు నడుస్తోంది, మీరే తేల్చాలి. మాట చాలా చిన్నది, పిట్ట.

మొన్న దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే మా పెరట్లో జామచెట్టు కింద ఎండుటాకుల్లో ఏదో గెంతుతూ కనిపించింది. గోరింక కన్నా కాస్త చిన్నది, తోక ఉందా లేదా అన్నట్టుంది, వీపు ఆకుపచ్చ, తోక కింద ఎరుపు, కంటి మీదుగా కాటుక పెట్టినట్టు నల్లటి పట్టీ, రెక్క కదిపితే నీలం మెరుస్తోంది. ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లోనే ఉంటున్నాం, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. సెలవులకి వచ్చిన మా మేనల్లుడు ఫొటో తీసి ఏదో యాప్‌లో పెట్టి, "అత్తా, ఇది ఇండియన్ పిట్టా" అన్నాడు, చివర దీర్ఘం తీసి మరీ. మా అమ్మ అరుగు మీద బెండకాయలు తరుగుతోంది. "పిట్టని పిట్ట అనడానికి ఫోనెందుకురా, నన్నడిగితే నేను చెప్పనా?" అంది. వాడికి కోపం వచ్చేసింది. కాదు నాన్నమ్మా, దీని పేరే పిట్ట, మిగతావి పిట్టలు కావు అంటాడు. అన్నీ పిట్టలే అంటుంది ఆవిడ.

తర్వాత వాడు చదివి వినిపించింది విని నేను ఆశ్చర్యపోయాను. ఇంగ్లీషువాళ్ళ ఆ పిట్టా మన పిట్టే. 1816లో వియ్యో అనే ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతికి ఆ పేరు పెట్టాడు. దానికి వందేళ్ళ ముందే, 1713లో లండన్‌లో అచ్చయిన జాన్ రే పక్షుల పుస్తకం చివర మద్రాసు కోటలోని బక్లీ అనే డాక్టరు పంపిన పక్షుల వివరాలు చేరిస్తే, అందులో పొన్నంకి పిట్ట అని తెలుగు పేరుతోనే ఇది కనిపిస్తుంది. ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా దీని చుట్టాలు నలభై రకాలకి పైగా ఉన్నాయి, ఇంగ్లీషులో అన్నీ పిట్టాలే. మద్రాసులో ఎవరో తెలుగాయన, నౌకరో వేటగాడో, దొర అడిగితే యథాలాపంగా చెప్పిన మాట అన్ని దేశాలు తిరిగి మా పెరట్లోకి ఫోన్‌లోంచి దిగిందన్నమాట.

ఇక అసలు సంగతి. ఆ మర్నాడు పిల్లల్ని తీసుకుని టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్ళాం. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అప్పుడప్పుడే దిగుతున్నాయి. అక్కడ టీ కొట్టాయనతో మాటల్లో "ఈ పిట్టలు ఎప్పటిదాకా ఉంటాయండీ?" అన్నాను. ఆయన ముఖం ఒకలా పెట్టి "పిట్టలేటమ్మా, పక్షులు. మార్చి దాకా ఉంటాయి" అన్నాడు. వాళ్ళ ఊరి ఆడపడుచుల్ని తక్కువ చేసి మాట్లాడినట్టు ఫీలయ్యాడు పాపం. నా ప్రశ్న ఇదీ. పిట్ట అంటే చిన్నదనేనా? పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత, పిట్టకథ, పిట్టగోడ చూస్తే అలాగే ఉంది. మరి పాలపిట్ట? అది దాదాపు పావురమంత ఉంటుంది. పావురాన్ని మాత్రం ఎవరూ పావురం పిట్ట అనరు. పిచ్చుక, మా వైపు పిచిక అంటాం, అంతకంటే చిన్నది, దాన్నీ పిచికపిట్ట అనం. కాబట్టి లెక్క సైజుది కాదని నా అనుమానం.

బొబ్బిలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:

మంచి ప్రశ్న వేశారమ్మా. నాకు తోచింది చెప్తాను. సొంత పేరున్న పక్షికి పిట్ట అన్న తోక అక్కర్లేదు. కాకి, గద్ద, చిలుక, గోరింక, పావురం, పిచ్చుక, ఇవి పేరుతోనే బతికిపోతాయి. దాని పనినో రంగునో తిండినో చూసి పేరు పెట్టినప్పుడు వెనకాల ఏదో ఒకటి ఆసరాగా ఉండాలి. వడ్రంగి అంటే మనిషి, వడ్రంగిపిట్ట అంటేనే పక్షి. తేనెపిట్ట అలాంటిదే, పాలపిట్ట అలాంటిదే.

ఆ ఆసరా మాట పిట్ట ఒక్కటే కాదు. మన పల్లెటూరి వాళ్ళు ప్రపంచంలోని పక్షులన్నిటినీ నాలుగైదు ఇళ్ళల్లోకి సర్దేశారు. ఇంట్లో రోజూ కనిపించేవే కొలమానం. నల్లగా ఉంటే కాకి, అందుకే నీటికాకి, జెముడుకాకి. నేల మీద తిరిగితే కోడి, అందుకే నీటికోడి, కలివికోడి. పొడుగుకాళ్ళయితే కొంగ. ఈదితే బాతు. ఇవేవీ కాకపోతే పిట్ట. జెముడుకాకి నిజానికి కోకిల వైపు చుట్టం, కలివికోడికి కోళ్ళతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ కలివికోడిని 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరూ చూడక అంతరించిందనుకుంటే, 1986లో కడప జిల్లాలో దొరికింది. అక్కడి వాళ్ళకి అది పేరున్న పక్షే.

మీరు చూసిన పెలికాన్‌కి తెలుగు పేరు గూడబాతు. అది బాతూ కాదు, గూటికీ ఆ పేరుకీ సంబంధం లేదు. గూడ అంటే చెరువు నుంచి చేలోకి నీళ్ళు తోడే బుట్ట. రెండు వైపులా తాళ్ళు కట్టి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ ముంచి పోసేవారు. మా చిన్నప్పుడు ఏతం ఒక పక్క, గూడ ఒక పక్క ఉండేవి. పెలికాన్ ముక్కు కింద సంచీతో చేపల్ని నీళ్ళతో సహా ముంచి, నీళ్ళు వదిలేసి చేపని మింగుతుంది. గూడ వేసిన చేతులున్నవాడు తప్ప ఇంకెవడూ ఈ పేరు పెట్టలేడు. మోటార్లు వచ్చాక గూడ పోయింది, ఇప్పుడు పిల్లలు గూడు కట్టే బాతు అని అర్థం చెప్తున్నారు.

రాజాం దగ్గర పల్లె నుంచి:

మాస్టారూ, మీ సూత్రం బాగుంది గానీ తీతువు సంగతేటి? అది సొంత పేరే కదా, సంస్కృతంలో టిట్టిభం. అయినా మా ఊళ్ళో అందరూ తీతువుపిట్ట అనే అంటారు. రాత్రిపూట అది అరిస్తే మా ముసలమ్మ ఇప్పటికీ లేచి కూర్చుని ఎవరికో మూడిందంటుంది. పొలంలో గుడ్లు పెట్టుకుంటే కాపలా అరుపులు అరుస్తుంది, అంతకుమించి ఏటీ లేదు. అలాగే కౌజుపిట్ట. నేల మీదే తిరుగుతుంది, కోళ్ళ కుటుంబమే, మరి కౌజుకోడి అనాలి కదా?

ఇచ్ఛాపురం నుంచి:

గూడ మాట నాకు కొత్త, చాలా సంతోషం మాస్టారూ. మా తేలుకుంచికి వానలతో పాటు వచ్చే కొంగల గురించి ఒక మాట. వాటికి తెలుగులో నత్తగుల్ల కొంగ అని చక్కటి పేరుంది. రెండు ముక్కుల మధ్య సందు ఉంటుంది, నత్తల్ని పట్టి లోపలి కండ లాగేస్తుంది. ఊళ్ళోవాళ్ళు ఇళ్ళ పక్క చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకోనిస్తారు, రెట్ట వాసనని కూడా భరిస్తారు, అవి వస్తే వానలు పడతాయని నమ్మకం. ఎవరినైనా పేరడిగితే మాత్రం సైబీరియా పక్షులు అంటారు. సైబీరియా ఎక్కడ, ఇవెక్కడ! ఈ కొంగలు మన దేశంలోవీ, చుట్టుపక్కల వేడి దేశాల్లోవీ. దూరం నుంచి వచ్చిన ప్రతిదానికీ సైబీరియా అంటగట్టడం ఎప్పుడు మొదలైందో గానీ, నత్తగుల్ల అన్న మాట నోట్లోంచి పోయింది. నాకు అదే బాధ.

హైదరాబాదులో ఉంటున్న పార్వతీపురం మనిషి:

గోండి భాషలో పక్షిని పిట్టె అంటారు, చిన్నదీ పెద్దదీ అన్న తేడా లేకుండా. తెలుగులోనూ మొదట అంతే అయి ఉండొచ్చు. సంస్కృతం నుంచి పక్షి వచ్చి పెద్దపీట వేసుకుని కూర్చున్నాక పిట్ట ఒదిగి చిన్నదైపోయిందేమో. పులుగు అన్న పాత మాట పద్యాల్లోకి పోయింది. టీ కొట్టాయన నొచ్చుకోవడం ఇందుకే అని నాకనిపిస్తోంది: బోర్డు మీద పక్షుల కేంద్రం అని రాసి, మనుషులు కార్లేసుకుని చూడ్డానికి వస్తుంటే ఇంకా పిట్టలేమిటి?

ఇంకోటి, పాలపిట్ట మన రాష్ట్ర పక్షి అనుకునేవాళ్ళున్నారు. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి రామచిలుక, పాలపిట్ట తెలంగాణది. ఇక్కడ దసరా రోజు దాన్ని చూడ్డానికి ఊరి బయటికి వెళ్తారు.

పొన్నంకి అంటే ఏమై ఉంటుంది? పొన్ను అంటే బంగారం కదా, దాని పొట్ట రంగు పసుపు.

శ్రీకాకుళం, మొదట రాసిన నేనే:

అందరికీ ధన్యవాదాలు. పొన్ను దాకా ఒప్పుకుంటాను గానీ ఆ అంకిని కూడా లాగి అర్థం పీకడం నాకిష్టం లేదండీ, అలా పీకే గూడబాతుని గూట్లో పెట్టారు. పక్క భాషలవాళ్ళ పేర్లు చూడండి, హిందీలో నౌరంగ్ అని రంగులు లెక్కపెట్టారు, తమిళంలో ఆరుమణి కురువి, అంటే ఆరుగంటల పిట్ట, పొద్దున్నా సాయంత్రం వేళకి కూస్తుందని. నాకు తమిళం పేరే నచ్చింది. అది మా పెరట్లో సరిగ్గా దీపాలు పెట్టే వేళకి రెండు ఈలలు వేసేది.

రాజాం బాబుగారూ, మీ కౌజుపిట్ట మాస్టారి సూత్రాన్ని దెబ్బ కొట్టిన మాట నిజమే. అయినా సూత్రం మొత్తానికి నిలబడుతుందనే నా నమ్మకం, ఎందుకంటే ఈ తప్పు మనం ఒక్కళ్ళమే చెయ్యలేదు. 1766లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ పొన్నంకి పిట్టని ఏ ఇంట్లో పెట్టాడో తెలుసా? కాకుల్లో! పొట్టితోక కాకి అని. మా మేనల్లుడు ఇది చదవగానే వాళ్ళ నాన్నమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అంత పెద్ద శాస్త్రజ్ఞుడికి పిట్టకీ కాకికీ తేడా తెలీదా?" అని ఆవిడ ఆశ్చర్యం.

ఇచ్ఛాపురం నుంచి:

పిట్ట ఇంకా ఉందా అమ్మా? ఫొటో పెట్టండి.

శ్రీకాకుళం:

ఫొటోలో తోకే ఉంది, అదీ పొట్టి తోక. చలికాలానికి దక్షిణానికి పోతూ దారిలో అలసిపోయి ఇలా ఇళ్ళలో దిగుతాయట, నాలుగు రోజులుంది. ఎండుటాకుల కింద పురుగులు ఏరుకుంటుంది కాబట్టి జామచెట్టు కింద ఊడవద్దని అమ్మకి వెయ్యిసార్లు చెప్పాను. నిన్న పొద్దున్న లేచేసరికి పెరడంతా శుభ్రంగా ఊడ్చేసి ముగ్గు కూడా వేసింది.