అప్‌డేట్: 1971 ఫోర్డ్ ఎఫ్-100లో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, చివరికి అయిన ఖర్చు

డాలస్‌లో మా 1971 ఎఫ్-100 పికప్ (302 వి8 ఇంజన్) వేడెక్కాక మిస్‌ఫైర్ అవుతోందని, పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలుపుతూ, విడదీస్తూ ఉండే పాత రకం స్విచ్చి) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే ఎంతవుతుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఇప్పుడు బండి చక్కగా నడుస్తోంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్ అండీ.

ఒక షాపులో డిస్ట్రిబ్యూటర్‌తో (స్పార్క్ ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే భాగం, పాయింట్లు ఉండేది ఇందులోనే) సహా అన్నీ మార్చాలి, 900 డాలర్లవుతుందన్నారు. అంత అవసరం పడలేదు. పాత బళ్లు తెలిసిన మెకానిక్ ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఊగుతోందేమో చూశాడు. లూజు లేదు. పాయింట్లు కాలిపోయాయి, కండెన్సర్ దెబ్బతింది, అంతే. పాయింట్ల బదులు పాత డిస్ట్రిబ్యూటర్‌లోనే పట్టే పెర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ సరిపోయింది.

అసలు విషయం వైరింగ్‌లో ఉంది. పాయింట్లు త్వరగా కాలకుండా ఈ బళ్లలో కాయిల్‌కి (స్పార్క్‌కి కావాల్సిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసే భాగం) వెళ్లే దారిలో రెసిస్టెన్స్ వైరు ఉంటుంది. అందుకని ఇంజన్ నడిచేటప్పుడు కాయిల్‌కి 12 వోల్టులు అందవు. కిట్‌కేమో పూర్తి 12 వోల్టులు కావాలి. ఇక్కడ ఒకరు ఈ మాట ముందే చెప్పారు, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి కిట్‌కి విడిగా లైను లాగించాను.

కిట్ 120, కాయిల్ 45, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ కలిపి 35, రిలే, వైర్లు కలిపి 20, కూలి 150. మొత్తం 370 డాలర్లు.

కార్బురేటర్, ఫ్యూయల్ పంప్ మీద అనుమానపడ్డాం కానీ వాటికీ దీనికీ సంబంధం లేదు. ఈ కిట్ పెట్టేవాళ్లు టైమింగ్ లైటుతో స్పార్క్ పడే టైమింగ్ మళ్లీ సెట్ చేయించుకోండి. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకండి, కిట్‌లోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోవచ్చు.