సుడిదోమ కనపడకముందే మందు కొట్టాలా?

కౌలురైతు_పాలకొల్లు:
సార్వాకు స్వర్ణ రకం వరి వేశాను, వెన్ను బయటికి రాకముందు పొట్టదశలో ఉంది. గట్టు అవతలి రైతు సుడిదోమ (దుబ్బు మొదట్లో రసం పీల్చే పురుగు) ఉన్నా లేకపోయినా రోజులు లెక్కపెట్టి మందు కొడుతున్నాడు. నేను ఒక్కసారీ కొట్టలేదని మా నాన్న తిడుతున్నారు. ఎవరిది సరి?

గోదారిగట్టు:
మీ నాన్నగారిదే, తమ్ముడూ. మక్తాకు తీసుకున్న చేలో ప్రయోగాలు చేస్తారా? నిరుడు మందు కొట్టి కూడా మా చేలో మంచమంత మేర పైరు ఎండి సుడి పడింది. వారం తిరిగేసరికి అరెకరం ఎండుగడ్డి. కొట్టకపోతే మొత్తం పోయేది.

పాతనాగలి:
అన్నగారూ, ఏం కొట్టారో కూడా చెప్పండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు అయితే దోమను పిలిచింది మీరే. దాని గుడ్లు తినే మిరిడ్ నల్లి, పిల్లలను పట్టే సాలెపురుగు ముందు చస్తాయి. ఆకు తొడుగు లోపలి గుడ్లకు మందు తగలదు. అవి పొదిగాక అడ్డేముంది?

తమ్ముడూ, రేపు పొద్దున చేలోకి దిగండి. దుబ్బును పక్కకు వంచి అరచేత్తో తట్టి, నీటి మీద పడినవాటిని లెక్కపెట్టండి. ఈ దశలో దుబ్బుకు 20–25 ఉంటే కొట్టండి, అదీ మొదళ్లు తడిసేలా. గట్టున నిలబడి పైఆకులు తడిపితే డబ్బు గాలికి పోసినట్టే.

గోదారిగట్టు:
పైరిథ్రాయిడే. దుకాణంలో ఇచ్చింది కొట్టాను, నాకేం తెలుసు? అసలు స్వర్ణ వేయడమే తప్పు. విజేత రకం దోమను తట్టుకుంటుంది, స్వర్ణలాగే అదీ మార్టేరు వరి పరిశోధన కేంద్రం వంగడమే. కానీ మా మిల్లరు స్వర్ణే అడుగుతాడు.

మండువాలోగిలి:
మేము రెండు మీటర్లకొకటి చొప్పున 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదిలాం, తూర్పు పడమరలుగా. "పదో వంతు చేను గాలికొదిలారు" అని మా అత్తయ్య నెలంతా సాధించారు. గాలీ వెలుతురూ మొదళ్లకు తగిలితే దోమ నిలవదు, బాట పక్క దుబ్బులు బాగా పిలకలేస్తాయి. వదలనివారు ఇప్పుడైనా దుబ్బులను రెండు పక్కలకు వంచి పాయలు తీయవచ్చు. దోమ తగ్గడానికి చేలో నీళ్లు తీసి ఆరబెట్టమంటారు గానీ, మురుగు కాలువ నిండుగా ఉంటే ఎక్కడికి తీస్తాం?

కౌలురైతు_పాలకొల్లు:
పొద్దున ఇరవై దుబ్బులు తట్టాను. ఎక్కువలో ఎక్కువ తొమ్మిది. సాలెపురుగులు మాత్రం చాలా ఉన్నాయి. దోమ పెరగకుండా యూరియా ఆపాను, మందు కొట్టడం లేదు. మూడు రోజులకోసారి చూస్తాను. నాన్న మాత్రం నిన్ననే డబ్బా కొనుక్కొచ్చి అటక మీద పెట్టారు.