తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే బిడ్డకు పాలు పట్టాలా, మానాలా?

కూకట్‌పల్లి తల్లి:
పాపకు పదహారు నెలలు. రెండు నెలలుగా తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వంటింటి వైపు చెయ్యి చూపిస్తోంది. సీసాడు పాలు పడితే మళ్లీ ఆరు దాకా పడుకుంటుంది. రోజుకు నాలుగు సీసాలు, ఒక్కొక్కటి 240 మిల్లీలీటర్లు, గేదె పాలు. అన్నం రెండు ముద్దలు దాటదు. పొద్దున తొమ్మిదికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి పడుకుంటుంది. రాత్రి పదిన్నరకు గాని నిద్రపోదు. పాలు ఆపవద్దని మా అత్తగారి మాట. ఆ నాలుగున్నర సీసా ఆపాలా?

గుంటూరు అమ్మమ్మ:
అమ్మాయీ, ఆకలేసి లేచిన బిడ్డకు పాలు పట్టాలా అని అడుగుతారా? ముగ్గురు పిల్లల్ని, ఇద్దరు మనవల్ని పెంచాను. పాలు తాగే బిడ్డ పాలు తాగుతుంది. మీ అత్తగారి మాట విను. గేదె పాలు చిక్కన కాబట్టి మూడు వంతుల పాలకు ఒక వంతు నీళ్లు కలిపి కాచండి.

డల్లాస్ నాన్న:
చిక్కు సాయంత్రం నిద్రలో ఉంది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగలు, రాత్రి కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ పాపకు అది దొరకడం లేదు. పగలు ఒక్క నిద్ర చాలు. మధ్యాహ్నం భోజనం పెట్టి పడుకోబెట్టండి, మూడు దాటనివ్వకండి. రాత్రి ఎనిమిదికి దీపం ఆర్పేయండి. నాలుగున్నరకు లేస్తే పాలు లేవు, దీపం లేదు. ఏడిస్తే ఏడవనివ్వండి. మా వాడు ఐదు రోజుల్లో మానుకున్నాడు.

విజయనగరం:
కిటికీకి మందపాటి తెర వేశాక మా బాబు అరగంట ఎక్కువ పడుకుంటున్నాడు.

రాజమండ్రి నర్సు:
నాలుగు సీసాలంటే 960 మిల్లీలీటర్లు. ఈ వయసుకు అర లీటరు మించకూడదు. పాలలో ఇనుము లేదనే చెప్పాలి. పైగా పాలలోని కాల్షియం తిండిలో ఉన్న ఇనుమును కూడా సరిగా ఒంటికి పట్టనివ్వదు. కడుపు పాలతో నిండితే అన్నం ఎక్కడ పడుతుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతానికి, ఆంధ్రలో 63 శాతానికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఇది నా ఇంట్లోనే జరిగింది. మా వాడు బొద్దుగా, తెల్లగా ఉండేవాడు. చూసినవాళ్లంతా ముద్దు చేసేవారు. ఒకరోజు గోళ్లు తీస్తుంటే ప్రతి గోటి కిందా సున్నం. మంచం పక్క గోడ జానెడు మేర గీకి తినేశాడు. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.2. నేను నర్సును. ఆ తెలుపు రంగు కాదని, రక్తం లేకపోవడమని నాకే తెలియలేదు.

గుంటూరు అమ్మమ్మ:
నీళ్లు కలిపితే 960 పాలు ఎలా అవుతాయి? వంతు నీళ్లు తీసేస్తే 720. ముందు లెక్క సరిగా వేయండి.

రాజమండ్రి నర్సు:
720 అయినా ఎక్కువేనండీ. నీళ్లతోనైనా కడుపు నిండేది నిండుతుంది.

ఒంగోలు:
పడుకుని సీసా తాగే అలవాటుతో మా పాపకు పై పళ్లు నాలుగూ పుచ్చిపోయాయి. ఆ సంగతి కూడా చూసుకోండి.

డల్లాస్ నాన్న:
అందరూ పాల మీదే పడ్డారు. నిద్ర సరిచేస్తే పాలు వాటంతట అవే తగ్గుతాయి. పెద్దవాళ్లు ఈ మాట వినరు. మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. మేము పెట్టిన వేళలన్నీ పోయాయి. వాడు కిక్కుమంటే చాలు, ఒళ్లో వేసుకుని సీసా పట్టేది. ఆమె వెళ్లాక మూడు వారాలు మాకు నిద్ర లేదు.

గుంటూరు అమ్మమ్మ:
ఆ ఆరు నెలలూ నీకు నిద్ర ఉంది కదా బాబూ! మరి మీ అమ్మకు?

నా కూతురు ఉద్యోగానికి వెళ్తే పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా మనవడు నా దగ్గరే. పళ్లెం పట్టుకుని వాడి వెనక గంటసేపు తిరగడానికి నా మోకాళ్లు సహకరించవు. సీసా అయితే కూర్చుని పట్టవచ్చు. అందుకే పడుతున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా అమ్మాయి ఫోనులో ఏదో చదివి "అమ్మా, ఇలా చేయకు" అంటుంది. "ఇవాళ నువ్వు పడుకో, నేను చూస్తాను" అని ఒక్కరోజు అనలేదు. కూకట్‌పల్లి అమ్మాయీ, నిన్నే అడుగుతున్నాను. నాలుగున్నరకు లేచి ఆ సీసా కలిపేది ఎవరు?

కూకట్‌పల్లి తల్లి:
మా అత్తగారు.

ఈ ప్రశ్న ఇక్కడ అడిగాను గాని ఆమెను అడగలేదు. ఎనిమిదికి పడుకోబెట్టమన్నవారికి కూడా ఒక మాట. నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర. పాప సాయంత్రం పడుకుంటేనే పదిన్నర దాకా నాతో ఆడుతుంది. ఆ నిద్ర తీసేస్తే బిడ్డను నేను చూసుకునేది ఆదివారమేనా?

రాజమండ్రి నర్సు:
ఎనిమిది కాకపోతే తొమ్మిది చేయండి. సాయంత్రం నిద్రకు రోజుకు పావుగంట చొప్పున ముందుగా పడుకోబెడుతూ రండి. ముందు పగటి సీసా ఒకటి మాన్పించి, ఆ వేళకు మెత్తటి పప్పన్నంలో నిమ్మరసం పిండి పెట్టండి, పులుపు ఉంటే ఇనుము ఒంటికి పడుతుంది. తోటకూర, గుడ్డు అలవాటు చేయండి. నాలుగున్నర సీసాను మూడు రోజులకు 60 మిల్లీలీటర్లు తగ్గిస్తూ రండి. రక్తపరీక్ష మాత్రం ఈ వారమే చేయించండి.

కూకట్‌పల్లి తల్లి (నాలుగో రోజు):
ఇవాళ నేనే లేచాను. 180 పట్టాను. ఇంకా కావాలని ఇరవై నిమిషాలు ఏడ్చి, నా భుజం మీదే పడుకుంది. అత్తయ్య తలుపు దాకా వచ్చారు. "నేను ఉన్నాను, మీరు పడుకోండి" అన్నాను. కాసేపు అక్కడే నిలబడి వెళ్లి పడుకున్నారు. ఏడింటి దాకా లేవలేదు. పరీక్షకు శనివారం తీసుకువెళ్తున్నాం.

గుంటూరు అమ్మమ్మ:
మంచి పని చేశావు తల్లీ. ఆ 180లో నీళ్లు ఎంత?

డల్లాస్ నాన్న:
సాయంత్రం నిద్ర ఎన్ని గంటలకు జరిగిందో రాయండి. మా అమ్మకు ఇవాళ ఫోను చేశాను.