ఇంజను మౌంటింగుకు ‘కుదురు’ అనే మాట సరిపోతుందా?

ఇంటి షెడ్డులోనే కారు ఇంజను మౌంటింగులను, అంటే ఇంజనును బాడీకి పట్టి ఉంచే భాగాలను, మార్చుకునే పద్ధతిని తెలుగులో రాస్తున్నామనీ, ఆ భాగానికి ఏ పేరు వాడమంటారనీ రాయగడ మిత్రులు అడిగారు. ‘అదురుదిండు’, ‘కంపననిరోధకం’ అని రెండు సూచనలు ఇప్పటికే వచ్చాయి. పర్లాకిమిడి వైపు వాడుకనూ, ఆ భాగం చేసే పనినీ దృష్టిలో పెట్టుకొని నా అభిప్రాయం రాస్తున్నాను.

‘కంపననిరోధకం’ అంటే ఒడియా బడిలో చదివిన మన పిల్లలకు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఆ సంస్కృత పదాలు వారి పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటాయి. ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారి కోసం రాసేటప్పుడు ఈ సౌలభ్యాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. అయినా ఆ మాట సగం పనినే చెబుతుంది. లోహపు భాగాల నడుమ రబ్బరును అతికించి చేసే మౌంటింగు (కొన్ని కార్లలో దాని లోపల ద్రవం కూడా ఉంటుంది) ఇంజను అదురును బాడీకి చేరకుండా తగ్గించడమే కాక, ఇంజను బరువును మోస్తుంది, బండి ఒక్కసారిగా లాగినప్పుడు మెలితిరగబోయే ఇంజనును పట్టి ఉంచుతుంది.

‘అదురుదిండు’ చెవికి ఇంపుగానే ఉంది. అయితే దిండు అనగానే కింద వేసేది అనే భావం కలుగుతుంది. ఇంజనును అడ్డంగా అమర్చిన నేటి చిన్న కార్లు చాలావాటిలో ఇంజను పైభాగాన కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉండే మౌంటింగులకు వేలాడుతుంది. అడుగున ఉండే టార్క్ రాడ్ అనే పొట్టి కడ్డీ బరువు మోయదు, ఊగును మాత్రమే ఆపుతుంది. ‘దిండు’ను నమ్మి కొత్తవాడు కింద వెతికితే బరువు మోసే మౌంటింగు అతనికి కనిపించదు.

అందుకే ‘కుదురు’ అనే మాటను సూచిస్తున్నాను. చుట్టకుదురు కూడా కుండ కిందనే ఉంటుంది గదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కాని కుదురైన మనిషి, కుదురైన చేతిరాత అన్నప్పుడు మనకు తోచేది చోటు కాదు, నిలకడ. బహువచనం ‘కుదుళ్లు’ కూడా సహజంగా పలుకుతుంది. టార్క్ రాడ్‌ను మాత్రం ఆ పేరుతోనే ఉంచడం మేలు. ఇక దుకాణంలో అడగవలసినది ‘ఇంజను మౌంటింగు’ అనే కనుక వ్యాసం మొదట్లో రెండు మాటలూ పక్కపక్కన రాసి, తరువాత కుదురు అని కొనసాగించవచ్చు. గిడుగు రామమూర్తి పంతులు గారు వ్యావహారిక భాష కోసం వాదించిన ఊరిలో ఉంటూ, జనం నోట ఉన్న మాటను వ్యాసం నుంచి వెళ్లగొట్టమని నేను చెప్పలేను.

భాగం పేరు కంటే లక్షణాలనూ పనులనూ చెప్పే మాటల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలని నా నమ్మకం. బండి నిలిచి ఉండి ఇంజను ఆడుతున్నప్పుడు స్టీరింగుకు తెలిసేది ‘అదురు’. క్లచ్ వదిలినప్పుడో, గేరు ముందుకూ వెనక్కూ మార్చినప్పుడో ఠక్కుమని వచ్చేది ‘కుదుపు’. ఈ రెంటినీ కలిపి ‘వైబ్రేషన్’ అని రాసేస్తే చదువరి లక్షణాన్ని విడదీసి చూడలేడు. అదురు పెరిగితే బరువు మోసే కుదుళ్లలో రబ్బరు కుంగిందేమో, ద్రవం కారిందేమో చూడాలి. కుదుపు ఎక్కువైతే టార్క్ రాడ్ రబ్బరు చిరిగిందేమో ముందుగా చూడాలి.

మిత్రుల చిత్తుప్రతిలో ‘జాకీతో ఇంజనును ఎత్తండి’ అనే వాక్యం ఉంది. దీనిని తప్పక మార్చమని కోరుతున్నాను. ఎత్తమంటే ఎత్తుతారు, అప్పుడు ఆయిల్ పాన్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) నొక్కుకుపోవచ్చు, గొట్టాలూ వైర్లూ లాగుకుపోవచ్చు. ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, జాకీని దానికి ఆనించి, బరువును కాస్త ‘అందుకోవాలి’. బోల్టు మీద ఒత్తిడి సడలగానే అక్కడితో ఆపాలి. కుదుళ్లను ఒక్కొక్కటిగానే విప్పాలనీ, కారు కిందికి దూరవలసి వస్తే బండిని జాకీ మీద కాక స్టాండ్ల మీద నిలపాలనీ అదే చోట చెప్పడం మంచిది.

అలాగే ‘పట్టించు’, ‘బిగించు’ అనే క్రియలను వేరుగా ఉంచండి. కొత్త కుదురుకు బోల్టులన్నీ ముందు చేతితో మరలకు పట్టించాలి. తరువాత జాకీని మెల్లగా దించి, ఇంజను తన చోట కుదురుకున్నాకనే బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి నిలిచిపోతుంది, కొత్తదైనా త్వరగా చిరుగుతుంది. ‘గట్టిగా బిగించండి’ అని మాత్రం రాయవద్దు. గట్టి అన్నది ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తీరుగా ఉంటుంది. ఆ కారు మాన్యువల్ చూసి, బోల్టును ఎంత బిగించాలో చెప్పే న్యూటన్ మీటర్ల అంకెను తీసుకొని, బిగింపును కొలిచే టార్క్ రెంచితో అంతవరకే బిగించమని రాయండి. ఒకసారి విప్పిన బోల్టును మళ్లీ వాడకూడదని మాన్యువల్ చెబితే, కొత్త బోల్టుల మాటను పని మొదలుపెట్టే ముందు తెచ్చుకోవలసిన వస్తువులలోనే చేర్చండి.